ముక్కు మీద

గ్రిమ్స్‌బీలో నవంబరు
తొమ్మిదైనా దీపాలు ఆర్పనివ్వదు.
రేవు వైపునుంచి చేపల వాసన, సీగల్స్ గొడవ
తడి కోట్లతో పాటు లోపలికొచ్చి
కొక్కేలకు వేలాడతాయి.
ముప్పై చిన్న కోట్లు. ఒకటి మాత్రం నేలమీద.
అది జెన్సన్‌ది.

వాళ్ళ నాన్న నడిసముద్రంలో గాలిమరలు బాగుచేస్తాడు.
రెండు వారాలు నీళ్ళమీద, రెండు వారాలు ఇంట్లో.
ఇవాళ తెల్లవారకముందే పడవెక్కాడని
ఎవరూ చెప్పక్కర్లేదు,
కోటు చెబుతుంది.

గోడమీద నాలుగు రంగుల అట్ట.
నీలం దిగులు, పచ్చ నెమ్మది,
పసుపు కంగారు, ఎరుపు కోపం.
పేరు రాసిన బట్టల క్లిప్పును
పొద్దున్నే ఏదో ఒక రంగుకు తగిలించాలి.
జెన్సన్ తన చొక్కాకే తగిలించుకున్నాడు.
నిజం చెప్పాలంటే ఆ రంగులు నాకూ అంతుపట్టవు.
నేను పుట్టిన భాషలో ఇవన్నీ ఒంట్లోనే కాపురముంటాయి:
దిగులు గుండెల్లో, కుళ్ళు కడుపులో,
భయం వెన్నులో.

మిసెస్ బ్లాంచర్డ్ చిన్న ఇత్తడి గంట మోగించింది.
చప్పుడు వినబడినంతసేపూ చెయ్యెత్తి ఉంచాలి,
ఆగిపోయాక దించాలి. ఆట అంతే.
దండెం మీద బట్టలు ఒక్కొక్కటే తీసినట్టు
చేతులు వాలిపోయాయి.
ఎఫీ చెయ్యి మాత్రం పైనే ఉంది.
"నాకింకా వినిపిస్తోంది."
ఎవరం కాదనగలం?

అప్పుడే కుర్చీ ఎగిరింది.
పెద్దగా ఎగరలేదు లెండి,
ఐదేళ్ళ చేతులు ఎంత దూరం విసురుతాయి?
ఇసుకతొట్టికి తగిలి పక్కకు పడింది.

వాడి పక్కన కూలబడ్డాను.
రెండు రోజుల శిక్షణలో ఇచ్చిన కాగితాలు
నాకు కంఠతా వచ్చు:
చేతిలో వేడి చాక్లెట్ కప్పు ఉందనుకో,
వాసన పీల్చు, ఊది చల్లార్చు.
"చాక్లెట్ ఎక్కడుంది?" అన్నాడు వెక్కుతూ.
నిజమే, లేదు.

ఏం తోచక, మా ఇంటి మాటకు
ఇంగ్లీషు చొక్కా తొడిగాను:
"మా వాళ్ళు కోపం ముక్కు మీద ఉంటుందంటారు."
ఏడుపు ఆగలేదు గానీ ప్రశ్న వచ్చింది:
"ముక్కు మీద ఎక్కడ? పైనా? చివరా?"
"నువ్వే చూసుకో."
రెండు కళ్ళూ దగ్గరికి లాక్కుని
తన ముక్కుకొసను వెతికాడు.
"కనబడట్లేదు."
"ముట్టుకో అయితే."
వేలు పెట్టాడు. కిందనుంచి ఊపిరి
బుస్సుబుస్సుమని వేలిని తాకింది.
"గాలొస్తోంది!"
"వేడిగానా?"
"చాలా." కాసేపాగి, "కొంచెం."
ఇంకాసేపటికి, ఎవరికీ వినబడనంత మెల్లగా:
"ఈ గాలికి మా నాన్న మర తిరుగుతుందా?"

నాకు తెలీదన్నాను.
అలా అనొచ్చని కాగితాల్లో రాసిలేదు.
ఇద్దరం ముక్కులమీద వేళ్ళుంచుకుని కూర్చున్నాం.
రేడియేటర్ టిక్కుటిక్కుమంది.
ఎవరో కిసుక్కున నవ్వారు.
మిసెస్ బ్లాంచర్డ్ చూసి ఊరుకుంది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును.
మధ్యాహ్నం మళ్ళీ గంట మోగినప్పుడు
ఎఫీ ఎత్తిన చెయ్యి వాడు కొరికాడు.
ఐసు పెట్టాను, ఫారం నింపాను,
వాళ్ళమ్మకు ఫోన్ చేశాను.
"మళ్ళీనా?" అంది.
ఆ ఒక్క మాటలో ఎన్ని నిద్రలేని రాత్రులో.
ఫోన్ పెట్టేశాక చూసుకుంటే
నా వేలు నా ముక్కు మీదే ఉంది.

మూడుంబావుకి, గేటు దగ్గర,
అమ్మ చెయ్యి పట్టుకుని పోతున్నవాడు ఆగాడు.
సముద్రం ఉన్న వైపుకు తిరిగి
బుగ్గలనిండా గాలి నింపుకుని
ఊదాడు. మెల్లగా. చాలాసేపు.
ఆమె వానలో నిలబడింది,
తొందరపెట్టలేదు.

కోటు గుండీలు పెట్టుకోలేదు వాడు.
చొక్కాకు క్లిప్పు అలాగే ఉంది.